పదకొండేళ్ల పిల్ల మెదడు

గిల్దార్దో పొద్దున ఐదింటికి పోయాడు. ఎనిమిదయ్యేసరికి డాక్టర్ నోయెమీ ఆ ఇంటి గుమ్మంలో నిలబడింది. ఐసు డబ్బా బండిలోనే వదిలేసి వచ్చింది. డబ్బా పట్టుకుని శవమున్న ఇంట్లో అడుగుపెట్టకూడదని ఆమెకు ఎప్పుడో తెలుసు. ముందు పక్కన కూర్చోవాలి, వాళ్లిచ్చిన బెల్లం నీళ్లు తాగాలి, ఆ తరవాత తల అడగాలి.

ఆమెదీ ఆ కొండలే, పక్క లోయలో ఊరు. ఆ చుట్టుపక్కల డజను ఊళ్లకి ఒకటే జబ్బు. నలభై ఐదొచ్చేసరికి మనిషి ముందు పేర్లు మర్చిపోతాడు, తరవాత ఇంటి దారి, ఆఖరికి మెతుకు మింగడం. ఊళ్లో దాన్ని వెర్రి అంటారు. తండ్రికుంటే పిల్లల్లో ఎవరికొస్తుందో, ఎవరు తప్పించుకుంటారో సగానికి సగం. రక్తం చూస్తే తెలిసిపోతుంది. తెలిసినా చెప్పరు. నయం చేసే మందు దొరికాక చెప్తామని పరిశోధన చేసేవాళ్లు ముప్పై ఏళ్ల కిందట అన్నారు. రక్తం తీయడం ఒక్క ఏడూ ఆగలేదు. మందు రాలేదు.

నోయెమీ పట్టుదల వేరు. నలభై ఐదులో కూలే మెదడు చిన్నప్పుడు కట్టుకునేటప్పుడే ఎక్కడో తేడాగా కట్టుకుందని ఆమె వాదన. తొమ్మిదేళ్ల కిందట ఈ ఊళ్ల పిల్లల్ని బస్సుల్లో పట్నం తీసుకెళ్లి, మిషన్‌లో పడుకోబెట్టి, మెదడు బొమ్మలు తీసింది. గిల్దార్దో పెద్ద కూతురు యులియానా బొమ్మే ఆమెకు అందరికన్నా పెద్ద సాక్ష్యం. పదకొండేళ్ల పిల్ల, జబ్బు విత్తనం ఉన్న పిల్ల, మెదడు మాత్రం రెండు మూడేళ్లు వెనకబడి ఉంది. ఆ బొమ్మతోనే నోయెమీకి పేరొచ్చింది. ఇప్పుడు తండ్రి మెదడు దాని పక్కన పెట్టి కోసి చూడాలి. పొద్దున పదకొండింటిలోపు బయటికి తీయకపోతే పాడైపోతుంది.

గిల్దార్దోని ముందు గదిలో మంచం మీద పడుకోబెట్టారు. తెల్ల చొక్కా గడ్డం దాకా బొత్తాలు పెట్టి ఉంది. భార్య అరసేలి కుర్చీ వేసుకుని ఆయన తల దగ్గరే కూర్చుంది, ఎవరో ఎత్తుకుపోతారన్నట్టు.

"వచ్చావా డాక్టరమ్మా" అంది తల తిప్పకుండా. "బతికినన్నాళ్లూ తన తల ఎక్కడుందో ఆయనకే తెలీలేదు. పోయీ పోగానే మీకు తెలిసిపోయింది."

"అరసేలి అక్కా, ఆయన ఒప్పుకుని సంతకం పెట్టాడు కదా."

"పెట్టాడు. ఆ రోజు చెప్పుకీ కాగితానికీ తేడా తెలీదు ఆయనకి. ఇప్పుడు నేను పెట్టాలంటగా? పెడతాను. ఒక్కటి చెప్పు ముందు. యులియానాకి ఉందా లేదా?"

గదిలో జపమాల తిప్పుతున్న ఇద్దరు ముసలమ్మలు ఆగిపోయారు. అరసేలి వాళ్లని చేత్తోనే వంటింట్లోకి పంపేసింది.

"అది చెప్పకూడదక్కా. నీకు తెలీనిదా?"

"తెలుసు. ముప్పై ఏళ్ల నించి మాకు తెలిసిందల్లా అదొక్కటే. మా మామగారి తల ఇచ్చాం. బావగారిది ఇచ్చాం. ఒక్కసారైనా ఏదైనా అడిగామా? ఇప్పుడు అడుగుతున్నా. పిల్ల మూడు నెలల కడుపుతో ఉంది. తనకుంటే బిడ్డని ఉంచుకోదట. సోమవారం పట్నం పోయి తీయించుకుంటానంటోంది. నాకు సోమవారం దాకా టైముంది, నీకు పదకొండింటి దాకా. ఎవరు తొందరపడాలో నువ్వే చూసుకో."

నోయెమీ గడియారం చూసింది. తొమ్మిదింపావు. బొమ్మల మీద వ్యాసం రాసేటప్పుడు, ఏ నంబరు ఏ పిల్లదో రాసిన జాబితా విప్పారు. అప్పుడే చూసింది. యులియానా నంబరు ఎదురుగా 'ఉంది' అని రాసి ఉంది. చూడకుండా ఉండాల్సింది. చూసింది.

నిజం చెప్తే సోమవారం ఒక బిడ్డ పోతుంది, ఆ దుఃఖంలో అరసేలి సంతకం పెట్టదు, ఈ తలా పోతుంది. అబద్ధం చెప్తే పాతికేళ్ల దాకా ఎవరూ పట్టుకోలేరు. నోయెమీ ఇలా లెక్క వేసుకుంది. ఎంత దయగా ఉన్నా అది తల కోసం వేసిన లెక్కే.

ఒకసారి గోడ వైపు చూసి, "లేదు" అంది.

అరసేలి చెయ్యి భర్త నుదుటి మీద ఆగిపోయింది. "ఏంటీ?"

"లేదక్కా. నేనే చూశాను."

అరసేలి ఒక్కసారిగా ఏడ్చింది. మొగుడు పోయినప్పుడు కూడా అలా ఏడవలేదు. ఇద్దరు కూతుళ్లూ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చారు. పెద్దది యులియానాకి ఇరవై, చిన్నది లెయిదీకి పదిహేడు. లెయిదీ చేతిలో మొక్కజొన్న రొట్టె అలాగే ఉంది.

"లేదంట! లేదంట!" అంటూ అరసేలి కాగితం లాక్కుని సంతకం గీకేసింది. తరవాత కలం పట్టుకున్న చెయ్యి అలాగే గాల్లో నిలబడింది. "అవునూ, ఏ రక్తంలో చూశారు?"

"తొమ్మిదేళ్ల కిందటిదే. బొమ్మ తీసిన రోజుది."

అరసేలి మొహంలో రంగు పోయింది. "అయ్యో తల్లీ. ఆ రోజు వచ్చింది యులియానా కాదు."

అరసేలి యులియానా వైపు చెయ్యి చూపింది.

"ఆ గొట్టంలో పడుకోనని మంచం కింద దూరింది ఇది. కొట్టినా రాలేదు. బయట బస్సు హారన్ కొడుతోంది. జాబితా పట్టుకున్న ఆవిడ, పిల్ల రాకపోతే ఇంటి పేరు కొట్టేస్తానంది. ఆయనకి అప్పుడే మరుపు మొదలైంది, పేరు కొట్టేస్తే ఆయన మందులు ఆపేస్తారు కదమ్మా. దీని గౌను వేసి లెయిదీని ఎక్కించా. తొమ్మిదేళ్లు నిండని పిల్లల్ని తీసుకోరుగా, ఎనిమిదేళ్లదని చెప్పలేదు."

"మిషన్‌లో నాకు నిద్రపట్టేసింది" అంది లెయిదీ. "దిగేటప్పుడు మిఠాయి ఇచ్చారు. నేను యులియానాని అని చెప్పుకుంటూ బస్సంతా తిరిగా." అప్పుడు వెలిగింది ఆ పిల్లకి. "అయితే లేనిది నాకా? అమ్మా, నాకే లేదు!" రొట్టె బల్ల మీద పడేసి నోయెమీని గట్టిగా వాటేసుకుంది. పిల్ల జుట్టు నిండా పొయ్యి పొగ వాసన.

నోయెమీ చేతులు పక్కన వేలాడుతూ ఉండిపోయాయి. పదకొండేళ్ల పిల్లలో మూడేళ్లు వెనకబడ్డ మెదడు. అది ఎనిమిదేళ్ల పిల్లది. ఎలా ఉండాలో అలాగే ఉంది. ఆమె సాక్ష్యం మిషన్‌లో నిద్రపోయిన ఒక చిన్న పిల్ల. 'ఉంది' అన్న మాట ఒక్కటే నిజం, అదిప్పుడు తన మెడ చుట్టూ చేతులేసి గెంతుతోంది.

నోరు తెరిచింది. డ్రైవర్ ఆర్గెమిరో గుమ్మంలోంచి తొంగిచూసి, "డాక్టరమ్మా, టైమవుతోంది" అన్నాడు. నోరు మూసేసింది.

శవాన్ని బండెక్కించారు. ఊరి ఆస్పత్రిలో పని కానిచ్చి మధ్యాహ్నం ప్రార్థనకి తిరిగి తెచ్చేయాలి. నోయెమీ ఎక్కబోతుంటే యులియానా శాలువా కప్పుకుని బండి పక్కకి వచ్చింది.

"నీ రక్తం ఇప్పుడు తీస్తాను" అంది నోయెమీ. "చూసి చెప్తాను. ఒట్టు."

"వద్దు. మీరు లేదనే చెప్తారు." యులియానా గొంతు తగ్గించింది. "మా నాన్న రోజూ అబద్ధాలాడేవాడు. తిన్నానని, స్నానం చేశానని. చెప్పేముందు ఒకసారి గోడ వైపు చూసేవాడు. ఇందాక మీరూ అలాగే చూశారు, వంటింటి తలుపు సందులోంచి నాకు కనపడింది. లెయిదీకి ఉంది కదా?"

నోయెమీ బండి తలుపు పట్టుకుని నిలబడింది.

"సరే" అంది యులియానా. "దానికి నేను చెప్పను. అది ఎవడినో చూసుకుంది, పెళ్లాడతానంటుంది, కంటుంది. ఆ లోపల మీరొచ్చి చెప్తారో మానతారో మీ ఇష్టం. నేను మాత్రం తెలీకుండా కనలేను, సోమవారం పోతున్నా."

పదింటి నలభైకి మెదడు బయటికి వచ్చింది. యాభై మూడేళ్ల మనిషిది, పసివాడి మెదడంత బరువుంది. ఆర్గెమిరో ఐసు డబ్బా మూత బిగించాడు.

మర్నాడు పట్నంలో నోయెమీ జాబితా బయటికి తీసింది. నూట పద్నాలుగో నంబరు. యులియానా పేరు మీద గీత కొట్టి పైన రాసింది: లెయిదీ చవర్రియా, అప్పటికి ఎనిమిదేళ్లు. వ్యాసం తప్పని పత్రికకి ఉత్తరం రాసింది. పేరు పోతుందని తెలిసే రాసింది. చివరి గడిలో 'ఉంది' అన్న మాట దగ్గర కలం ఆగింది. అది సరిగానే ఉంది. దాన్ని ముట్టుకోలేదు.

జాబితా బీరువాలో పెట్టి తాళం వేసింది.