నేనల్లిన రెండు మూరలు

మా ఆఫీసు గేటు దగ్గర జోగులు తల్లి గురువమ్మ "సట్టి" అంది. గేటు కాసే బిహారీ భయ్యా చెవికి అది "సట్టా" అని తగిలింది. ఆమెకు సట్టి అంటే చేపల కూర వండే మట్టిపాత్ర. అతని హిందీలో సట్టా అంటే జూదం. "దానయ్య అంపినాడు బాబూ, మా జోగులికి సట్టి తెచ్చినాను, లోనకి కబురెట్టు" అని ఆమె అన్న రెండు నిమిషాలకే, దానయ్య జోగులికి జూదం పంపాడన్న వార్త మా సాహెబు బల్ల ఎక్కింది.

సట్టి మూత తీస్తే కోనాం చేప ముక్కలు కనిపించాయి. చెవి చేసిన తప్పును ముక్కు దిద్దింది. కానీ దానయ్య పేరు మాత్రం మిగిలిపోయింది. అతను పడవ యజమాని. సముద్రం మీద పెద్దమనిషి, ఒడ్డుకొస్తే పందెంరాయుడు. బతు బస్తీ టీకొట్లో కూర్చుని మా ఆఫీసు బాస్కెట్‌బాల్ ఆటల మీద పందేలు కట్టించేవాడు. కిందటి వారమే జోగులు చివరి నిమిషంలో రెండు తేలిక బంతులు బుట్టలో వేయలేకపోయాడు, మేం ఓడిపోయాం. ఇప్పుడు అదే దానయ్య ఇంటి చేపలు అతని కంచంలోకి ఎందుకొస్తున్నాయని సాహెబు విచారణ పెట్టాడు.

ఆ ఏడు అరవై ఎనిమిది. జట్టులో నేనూ ఉన్నాను. అంటే జట్టువారి బెంచి మీద ఉన్నాను. జోగులుది ఆరడుగుల రెండంగుళాల ఎత్తు. నాకు దేవుడు ఎత్తు ఇవ్వలేదు, ఎత్తులిచ్చాడు. అతను బంతిని బుట్టలో వేస్తే జనం అతని బుట్టలో పడేవారు. నాకు పట్టుబడ్డ బంతి భోజనాల బంతి ఒక్కటే, అందులో మాత్రం ఎప్పుడూ మొదటి బంతే.

ప్రోతరాపూర్‌లో మేమిద్దరం ఒకే గదిలో ఉండేవాళ్లం. బస్సు కండక్టరు అతన్ని టికెట్టడిగేవాడు కాదు, నన్ను చిల్లర లేదని దింపేసేవాడు. నా ఉద్యోగం పర్మనెంటయిన రోజు ఆఫీసువాళ్లు ముగ్గురు గదికి వచ్చి, సుబ్బరామయ్య గారూ జోగులు లేడా అని అడిగి, లేడంటే వెళ్ళిపోయారు. స్వీటు కూడా తినలేదు. చేప కుళ్ళితే పూటలో తెలిసిపోతుంది. నా కుళ్ళు మాత్రం రెండేళ్లు ఎవరికీ వాసన రాలేదు.

మా దీవి నుంచి మద్రాసు పోటీలకు పదిమందిని ఓడలో పంపుతామన్నారు. నేను పదకొండోవాణ్ణి. నేను ఓడ ఎక్కాలంటే ఎవడో ఒకడు ఓడాలి.

జోగులు శ్రీకాకుళం తీరం నుంచి ఈ దీవికి వచ్చి రెండేళ్లే. హిందీలో బంతి అడగడం తప్ప మరేం రాదు. ఆఫీసులో తెలుగూ హిందీ రెండూ వచ్చినవాణ్ణి నేనే కాబట్టి విచారణలో నన్ను మధ్యన నిలబెట్టారు.

"దానయ్య ఊరకే ఇచ్చిందేటి కాదు. అది మా అయ్య వల పాలు. సుబ్బరామయ్య భయ్యాకి తెలుసు గదా" అన్నాడు జోగులు, నావైపు చూసి.

తెలుసు. ఆ బెస్తవాళ్లలో ఒక కట్టుబాటు ఉంది. పెద్ద వలలో ఎవరు అల్లిన ముక్క కలిస్తే వాళ్లకి, వాళ్లు వేటకు వెళ్లినా వెళ్లకపోయినా, ఆ ముక్క నీళ్లలో ఉన్నన్నాళ్లూ పట్టిన చేపల్లో పాలు ఇవ్వాలి. అల్లినవాడు పోతే ఆ పాలు ఇంటికి పోతుంది. జోగులు తండ్రి అప్పలకొండ పోయాడు, కానీ అతను అల్లిన ఇరవై మూరలు దానయ్య వలలో ఉన్నాయి. ఇంకో రెండు మూరలు కూడా ఉన్నాయి, అవి నావి. వానాకాలం ఆదివారాల్లో జోగులు నాకు అల్లిక నేర్పాడు. ముళ్లు ఎంత వదులంటే చేపలు అందులోంచి వాకిలి దాటినట్టు దాటేవి. అయినా దానయ్య దాన్ని వలకు కలిపాడు. సాహెబు బల్ల మీదున్న సట్టిలో తోక ముక్కలు నా పాలే.

"హిస్సా హై, సాబ్" అన్నాను. వాటా అన్నమాట. అబద్ధం కాదు.

"కిస్ చీజ్ కా?" దేనిలో వాటా అని అడిగాడు సాహెబు.

నాకు పాలుపోలేదంటే అది అబద్ధం. బాగానే పాలుపోయింది. తల దించుకుని ఊరుకున్నాను. నా మౌనాన్ని సాహెబు తనకు తోచిన భాషలోకి మార్చుకుని, పందెంలో వాటా అని రాసుకున్నాడు. జోగులు ఇక ఏ ఆఫీసు జట్టులోనూ ఆడకూడదన్నారు, ఉద్యోగమూ తీసేశారు. నేను ఉన్నది చెప్పినా సాహెబు నమ్మలేదు కాబోలనుకుని, జోగులు బంతి నా మంచం కింద పెట్టి దానయ్య పడవ ఎక్కాడు. అతను అభాసుపాలు, నేను మద్రాసుపాలు.

మద్రాసులో నాలుగు నిమిషాలు ఆడాను. బంతి రెండుసార్లు నా చేతికొచ్చింది. రెండుసార్లూ అవతలివాడు మర్యాదగా తీసుకున్నాడు.

తిరిగొచ్చాక కూడా ఊళ్లో అతని మాటే. ఇప్పుడు తెడ్డు ఎలా వేస్తాడో చెప్పుకునేవారు. నా పాలు మాత్రం తప్పకుండా వచ్చేది. నాకు దూరాన డిగ్లీపూర్ బదిలీ అయితే ఎండుచేపలై లాంచీలో వచ్చింది. పదకొండేళ్లు తిన్నాను.

మొన్న ప్రోతరాపూర్‌లో కొత్త బాస్కెట్‌బాల్ కోర్టు తెరిచారు. నాలుగు నవ్వులు పూయించమని నన్ను పిలిచారు. వెనకవరసలో జోగులూ గురువమ్మా కూర్చున్నారు. వాళ్లను ఎరగని కన్నారావు అనే కుర్ర గుమాస్తా మైకులో, పూర్వం జోగులని ఒకడు పందేలు తిని చెడ్డాడనీ, సుబ్బరామయ్యగారు నీతిగా ఆడి మద్రాసు వెళ్లారనీ పరిచయం చేశాడు.

గురువమ్మ లేచింది. వెళ్లిపోతుందనుకున్నాను. నేరుగా వేదిక దగ్గరికొచ్చి నా ముందు సట్టి పెట్టింది.

"నీ పాలు, బాబూ. నీ ముక్క సిరిగిపోతే ప్రతేడూ మా జోగులే అతుకుతాడు. భయ్యా పాలు తప్పకూడదంతాడు."

మైకు తీసుకున్నాను. సట్టి సట్టా అయిన సంగతి మొదలెడితే అందరూ నవ్వారు. వల కట్టుబాటు చెప్పేసరికి నవ్వు సన్నగిల్లింది.

"దానయ్య పాలు తినడం పందెం తినడమైతే, ఇదిగో నాది" అని మూత తీశాను. "దేనిలో వాటా అని సాహెబు అడిగాడు. వలలో అని చెప్పాల్సినవాణ్ణి నేను. ఓడలో జోగులు చోటు నాకు కావాలి, అందుకని చెప్పలేదు. అతను ఏ పందెమూ తినలేదు."

జనమంతా ఒక్కసారిగా వెనక్కి తిరిగి జోగులు వైపు చూశారు. మైకు నా చేతిలోనే ఉంది. నావైపు ఒక్కరూ చూడలేదు. ఒట్టు, అప్పుడు కూడా నాకు కుళ్ళే.