బట్టీ నెత్తిన కుండలు

మేస్త్రీ తన్నిన కుండ దొర్లుకుంటూ వచ్చి బెదురు కాళ్ళ దగ్గర ఆగింది. నీళ్ళన్నీ ఇటుకలు ఆరబెట్టే కళ్ళం మీద పారి ఇంకిపోయాయి.

"బోరు ఇటుకలకి. మీకు గుంట ఉందిగా!" అన్నాడు మేస్త్రీ, మోటారు గదికి తాళం వేస్తూ.

కుండ పక్క గుడిసె వదినది. ఆమె చంకలో పిల్లాడు తల వాల్చేశాడు. వాంతులూ విరేచనాలతో కళ్ళు లోతుకు పోయాయి.

"గుంట నీళ్ళు తాగే కదయ్యా వీడికిలా అయింది. ఒక్క కుండ పట్టుకోనీ."

"ముందు శుభ్రంగా ఉండటం నేర్చుకోండి. కంపు మనుషులు, కంపు బతుకులు!"

కుండ తీసి వదిన చేతికివ్వాలనుకుంది బెదురు. మేస్త్రీ భయానికి నడుం వంగలేదు. ఆమెకు బెదురు అని పేరు పెట్టింది అత్తగారు. జీపు హారను మోగినా, ఎవరైనా గట్టిగా దగ్గినా ఉలిక్కిపడుతుందని. ఆ పేరే బట్టీ అంతా పాకింది. అసలు పేరు మొగుడికైనా గుర్తుందో లేదో.

గుంటంటే మట్టి నానబెట్టడానికి తవ్విన గొయ్యి. గుడిసెలకు మరుగుదొడ్డన్నది లేదు. ఆడా మగా పిల్లా జెల్లా అందరూ వెనకున్న తుప్పల్లోకే పోవాలి. వాన పడితే అక్కడిదంతా కొట్టుకొచ్చి గుంటలో కలిసేది. కాళ్ళతో మట్టి తొక్కేదీ ఆ నీళ్ళతోనే, నోట్లో పోసుకునేదీ ఆ నీళ్ళే.

వదిన పిల్లాడు ఆ సాయంత్రమే పోయాడు.

సంగతి తెలిసి ఆసుపత్రి నుంచి నర్సమ్మ వచ్చింది. గుంట చూసి ముక్కు మూసుకోలేదు, వెనక తుప్పల దాకా నడిచి చూసొచ్చింది. "బోరు గురించి పైవాళ్ళకు రాస్తాను. ఈలోగా నీళ్ళు మరిగించి తాగండి" అంది.

చెప్పడం తేలికే. ఓనరు వంటకిచ్చే కట్టెలు వంటకే చాలవు. బట్టీ పక్కన కొండలా పేర్చిన కట్టెల్లోంచి పుల్ల తీసినా దొంగతనమే. అలా తీసిన ఒక ముసలాయన్ని కిందటేడు పోలీసులు జీపెక్కించారు. తిరిగొచ్చాక ఆయన మళ్ళీ నిటారుగా నడవలేదు.

అప్పుడు దారి చెప్పింది బెదురు మొగుడు. అతనిది బట్టీ పైకెక్కి కన్నాల్లోంచి నిప్పుకు కట్టెలు వేసే పని.

"కింద అంత మంట మండుతోంది కదా. కుండలు బట్టీ నెత్తిన పెడితే ఊరికే కాగుతాయి."

అందరూ భేష్ అన్నారు. బట్టీ నెత్తి మీద కుండలు బారులు తీరాయి. దించిన నీళ్ళలో వేలు పెడితే చురుక్కుమనేది. "నా కొడుకు బుర్ర చూశారా! ఓనరుకుందా అంత తెలివి?" అని అత్తగారు మురిసిపోయింది. బెదురుకు కూడా గుండె కాస్త కుదుటపడింది. ఆ నీళ్ళే చల్లార్చి కూతురికి పట్టేది. కుండకు మూత పెట్టేది. చేతులు కడుక్కోకుండా గరిటె ముట్టనిచ్చేది కాదు.

అయినా కూతురికి విరేచనాలు పట్టుకున్నాయి.

పిల్ల పొట్ట మీద చర్మం పట్టి వదిలితే ముడత ముడతలాగే ఉండిపోయింది. వదిన పిల్లాడికీ ఇలాగే అయింది. బెదురు ఆసుపత్రికి కబురు పంపింది. నర్సమ్మ రాగానే మీద పడింది.

"మీరు చెప్పినట్టే చేశాం కదమ్మా! మరిగిన నీళ్ళే పట్టాను కదా!"

"ఎక్కడ మరిగించారు?"

చూపించారు. నర్సమ్మ చీర కుచ్చిళ్ళు దోపుకుని బట్టీ ఎక్కింది. కుండ మూత తీసింది. అందరూ కింద నుంచి తలలెత్తి చూస్తున్నారు.

"బుడగలేవి?"

కుండ కాస్త వంచి కిందివాళ్ళకు చూపించింది.

"చెయ్యి కాలితే చాలదు. నీళ్ళు కుతకుతలాడాలి. ఇవి వేడెక్కాయంతే. వీటిలో పురుగు చావదు."

బెదురు మొగుడు అక్కడే చతికిలబడ్డాడు. తన చేత్తో మోసుకెళ్ళి పెట్టిన కుండలవి. నర్సమ్మ కిందికొచ్చి అతని భుజం మీద చెయ్యి వేసింది. "నేనైనా పొయ్యికి కట్టెలున్నాయా అని అడిగానా?" అంది. సంచిలోంచి ఉప్పూ పంచదారా కలిపిన పొట్లాలు తీసి బెదురు చేతిలో పెట్టింది. "ఇవి మరిగించి చల్లార్చిన నీళ్ళలోనే కలపాలి. ఆలస్యం చెయ్యొద్దు."

పచ్చి ఇటుకల వరసల మధ్య అందరూ గుమిగూడారు.

"ఓనరు కాళ్ళు పట్టుకుందాం."

"పట్టుకున్నాం కదా బాబాయ్! ఆయన చెప్పులు మారాయి గానీ మాట మారలేదు."

"కట్టెలు తీస్తే జీపొస్తుందిరా."

"ఇంకో పిల్ల పోతే ఎవడొస్తాడు? మేస్త్రీ వచ్చి పనిలోకి దిగమంటాడు!" అంది వదిన. పిల్లాడు పోయాక ఆమె నోరు విప్పడం అదే మొదలు.

"ఆవేశపడకు. ఆలోచించాలి."

"ఆలోచించు మామా. నువ్వు ఆలోచించి లేచేసరికి మేమందరం పోయుంటాం."

మాటలు పెరుగుతున్నాయి. బెదురుకు అవేవీ చెవికెక్కడం లేదు. ఒళ్ళో పిల్ల ఏడవడం మానేసింది. పిల్లను అత్త ఒళ్ళో పెట్టి లేచింది. కట్టెల కొండ దాకా నడిచింది. ఒక దుంగ పట్టుకుని లాగింది. పైనున్న కట్టెలు దడదడా జారిపడ్డాయి. ఆ చప్పుడుకు తనే అదిరిపడింది. అయినా దుంగ వదల్లేదు.

అందరూ చూస్తూ నిలబడ్డారు. ముందు కదిలింది ముసలాయనే. వంగిన నడుంతోనే వచ్చి ఇంకో కట్టె అందుకున్నాడు. ఆ తర్వాత ఎవరినీ ఎవరూ పిలవలేదు.

కళ్ళం నడిమధ్య రాళ్ళు పేర్చి ఇనప డ్రమ్ము ఎక్కించారు. మంట లేచింది. అది చూసి మేస్త్రీ ఓనరు కోసం పరుగెత్తాడు. గుంట నీళ్ళు కదిలి, సుడి తిరిగి, కుతకుత తెర్లాయి. పిల్లలు వంగి చూడబోతే అత్తగారు కేకలేసి వెనక్కి తోసింది. చల్లారిన నీళ్ళలో పొట్లం కలిపి బెదురు చెంచాతో పట్టింది. మొదటి చెంచా కక్కేసింది పిల్ల. రెండోది నిలిచింది. ఆ మధ్యాహ్నమంతా అలా చెంచా చెంచా పడుతూనే ఉంది. పొద్దు వాలుతుండగా ఒళ్ళో వెచ్చగా తగిలింది.

"ఒంటేలు పోసింది!"

"గండం గడిచింది" అంది నర్సమ్మ. ఆ మాట పూర్తికాకముందే గేటు దగ్గర జీపు ఆగింది.

ఓనరు దిగాడు. వెనకే ఇద్దరు పోలీసులు. మేస్త్రీ వేలెత్తి బెదురును చూపించాడు.

"కట్టెలు దొంగిలించింది ఇదే సార్."

"దాన్నెక్కించండి. ఆ మంట ఆర్పించండి" అన్నాడు ఓనరు.

ఆర్పడానికి మేస్త్రీ బిందెతో వచ్చాడు. డ్రమ్ము చుట్టూ ఆడవాళ్ళు భుజం భుజం ఆనించి కూర్చున్నారు. మంట సెగకు వీపులు కాలుతున్నా లేవలేదు. మేస్త్రీకి కాలు పెట్టే సందు దొరకలేదు.

జీపెక్కిస్తుంటే బెదురు ఒళ్ళంతా వణికింది. పోలీసు నవ్వాడు.

"ఇంత భయమున్నదానివి కట్టెలెందుకు ముట్టావే?"

"నువ్వన్నా భయమేనయ్యా. ఆ గుంటంటే ఇంకా భయం."

వెనకే వదిన ఎక్కి పక్కన కూర్చుంది. "దిగవే!" అని పోలీసు గద్దించాడు.

"నా కొడుకు ఆ నీళ్ళకే పోయాడు. బోరుకి తాళమేసినవాణ్ణి ఎక్కించండి, అప్పుడు దిగుతా."

ఇంకొకామె ఎక్కింది. ఇంకొకామె. పోలీసులకు కూర్చునే చోటు లేకపోయింది.

"పొద్దున్నే అందరూ పనిలో ఉండాలి!" అని అరిచాడు ఓనరు.

"ఉంటాం సారూ" అన్నాడు బెదురు మొగుడు. పార భుజానేసుకుని నర్సమ్మ వైపు తిరిగాడు. "అమ్మా, తుప్పల్లోది గుంటలోకి రాకుండా మరుగుదొడ్లు ఎక్కడ తవ్వాలి?"

"గుంటకు దూరంగా. దానికంటే పల్లంలో" అంది నర్సమ్మ.

అలాంటి చోటు అక్కడ ఒక్కటే ఉంది. ఓనరు ఆఫీసు గది ముందున్న చదును.

"వాకిట్లోనే తవ్వుతార్రా!" అంటూ అత్తగారు మనవరాలిని చంకనేసుకుని పకపకా నవ్వింది.

కదలలేని జీపులోంచి బెదురు మొదటి పార దెబ్బ వింది. ఆమెకింకా వణుకు తగ్గలేదు. వదిన చెయ్యి గట్టిగా పట్టుకుంది. పార మళ్ళీ నేలను తాకింది. దాని వెనకే ఇంకో పార, ఇంకో పార.