ఎవరి చేతి కత్తి

ఆర్లో బెక్‌స్ట్రోమ్ జేబులో కత్తి దానంతటదే తెరుచుకున్నది చర్చి భోజనాల్లో. బంగాళాదుంపల గిన్నె కోసం ముందుకు వంగాడు. టిక్కుమంది. ప్యాంటు జేబు చీల్చుకుని బ్లేడు మొన బయటికొచ్చింది. పక్కన కూర్చున్న పాస్టరుగారి భార్య దాన్ని చూసి కుర్చీ అటు జరుపుకుంది. ఆర్లో తొడ మీద సన్నటి గీత పడిందంతే. ఆ కత్తి అలా చేస్తుందని కలలో కూడా అనుకోలేదు.

ఆర్లోది కెనడా సరిహద్దుకు దగ్గర్లో ఉన్న శాండ్‌పాయింట్ అనే ఊరు. చలికాలమంతా కౌంటీ రోడ్ల మీద మంచు తోసే లారీ నడుపుతాడు. మిగతా కాలమంతా కత్తులే లోకం. అన్ని కత్తులూ కాదు. మీట నొక్కగానే స్ప్రింగు బలంతో తెరుచుకునే మడత కత్తులు, వాటిలోనూ సెమీ కస్టమ్‌వి మాత్రమే. వాటి గురించి ఎవరైనా అడిగితే చాలు, అడ్డూ ఆపూ ఉండదు.

"ఫ్యాక్టరీ కత్తంటే అచ్చు గుద్దినట్టుండే వెయ్యింటిలో ఒకటి. పూర్తి కస్టమ్ అంటే మొదటి మర నుంచి చివరి మెరుగు దాకా ఒకే మనిషి పని. సెమీ కస్టమ్ రెండిటికీ మధ్యలో ఉంటుంది. చట్రం, మీట, స్ప్రింగు ఫ్యాక్టరీవి. పిడీ, బ్లేడూ మాత్రం ఒక పనివాడి చేతిలో పుడతాయి. నువ్వు కొనుక్కునేది ఆ చేతిని. తెలిసిందా?" అనేవాడు.

చేతుల్లో అతనికి ఇష్టమైనది హ్యూబర్ట్ పైక్ చెయ్యి. పైక్ ఊరికి ఉత్తరాన సరస్సు ఒడ్డున ఉంటాడు. జేబులో తెరుచుకున్నది పైక్ కత్తే, దుప్పికొమ్ము పిడిది. బ్లేడు మీద సాన పట్టిన చోట ఒక గీత వెన్ను వెంబడే పోతూ, మొన దగ్గర చిన్న అలలా లేచి పడుతుంది. ఆ అలను ఆర్లో కత్తుల క్లబ్బులో అందరికీ వెలుతురుకి పట్టి మరీ చూపించేవాడు. "ఇదీ పైక్ మణికట్టు. ఇంకెవడి వల్లా కాదు."

సోమవారం దాన్ని తీసుకుని, చట్రం చేసిన ఫ్యాక్టరీ మరమ్మతు కౌంటరుకు వెళ్ళాడు. అక్కడ కూర్చున్నామె మరలు విప్పి, భూతద్దం పెట్టుకుని చూసింది.

"సార్, ఇది మేం చెయ్యలేం."

"మీ కత్తే కదమ్మా!"

"చట్రం మాది. స్ప్రింగు మాది కాదు, ఎవరో మార్చారు. బ్లేడు కూడా ఇక్కడ పూర్తయింది కాదు. మీట వచ్చి పట్టుకునే గాడి చూడండి, చేత్తో ఆకురాయి పట్టి కోశారు. లోతు చాల్లేదు, అంచు అరిగిపోయింది. అందుకే జారి తెరుచుకుంటోంది."

"బ్లేడు పైక్ చేశాడు. ఆయన గాడి తప్పుగా కోస్తాడా?"

"అది ఆయన్నే అడగండి. మేం ముట్టుకుంటే రేపు ఆయన మమ్మల్ని తిడతాడు." ఆమె ముక్కలన్నీ ఒక చిన్న సంచిలో వేసి ఇచ్చింది.

ఆర్లో అటు నుంచి అటే పైక్ ఇంటికి బయల్దేరాడు. దారి పొడుగునా అయోమయమే. పైక్ తప్పు చేశాడని నమ్మలేడు. ఆమె అబద్ధమాడిందనీ అనుకోలేడు.

పైక్ షెడ్డులో రేడియో మోగుతోంది. ముసలాయన సంచిలోని ముక్కలు బల్ల మీద పోసుకున్నాడు. పిడిని బొటనవేలితో రాసి చూశాడు. బ్లేడు తీసుకున్నాడు, మళ్ళీ పెట్టేశాడు.

"పిడి నాది," అన్నాడు.

"బ్లేడు?"

"కాఫీ తాగుతావా?"

"పైక్, బ్లేడు ఎవరిది?"

"నాది కాదు."

"మీద నీ ముద్రుంది!"

"ముద్ర నాదే. నేనే కొట్టాను. బ్లేడు మాత్రం నాది కాదు." పైక్ స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "ఈ మాట నా నోటి నుంచి రాకూడదనుకున్నానోయ్. ఇంటికెళ్ళి మీ ఆవిడ ట్రూడీని అడుగు."

"ట్రూడీకేం సంబంధం?"

పైక్ సొరుగు లాగి, నూనె గుడ్డలో చుట్టిన బ్లేడొకటి తీశాడు. మొన విరిగిపోయి ఉంది. మీద పైక్ ముద్ర. సాన గీత కొలబద్ద పెట్టి గీసినట్టు తిన్నగా ఉంది. అల లేదు.

"నీకు నేను చేసిచ్చిన బ్లేడు ఇది," అన్నాడు పైక్. "నీ లారీ లోయలో పడి, నువ్వు నడుం విరిగి స్పోకేన్ ఆసుపత్రిలో ఉన్నావు చూడు, అప్పుడు తెచ్చింది మీ ఆవిడ. నా కుడిచెయ్యి అప్పుడు పిండికట్టులో ఉంది. విప్పాక చేస్తానన్నాను. ఆ లోపల మా ఆయన ఇంటికొచ్చేస్తాడు అంది. సరే, సాన పట్టని బ్లేడుంది, యంత్రముంది, నేను పక్కన నిలబడి చెప్తాను, నువ్వే చేసుకో అన్నాను. చేసుకుంది. స్ప్రింగు కూడా సాగిపోతే నా దగ్గరున్నదేదో వేశాం."

ఆర్లో రెండు బ్లేడ్లూ చెరో చేత్తో పట్టుకున్నాడు. "మరి ఈ అల?"

"తడబడింది. సాన యంత్రం బెల్టు మీద చెయ్యి జారింది. పోనీలే, ఎవరు చూస్తారు అన్నాను." పైక్ తల గోక్కున్నాడు. "నువ్వు చూశావు. చూసి ఊరందరికీ చూపించావు. ఆ తర్వాత ప్రతివాడూ నా దగ్గరికొచ్చి, ఆర్లో కత్తి మీదున్న అల నాకూ కావాలనేవాడు. ఏం చెయ్యను? నేర్చుకున్నాను. దాన్ని కావాలని తెప్పించడానికి నాకు చలికాలమంతా పట్టింది."

ఆర్లోకి ఇంట్లో ఉన్న మిగతా పైక్ కత్తులు గుర్తొచ్చాయి. తరవాత కొన్నవాటన్నిటి మీదా అల ఉంది. అంటే అవి పైక్ చేతివా? పైక్ చెయ్యి ట్రూడీ తప్పును చూసి రాసినవా? చూడగానే చెయ్యి గుర్తుపడతానని ఇన్నాళ్ళూ ఛాతీ విరుచుకుని తిరిగిన మనిషి, సొంత జేబులో బ్లేడు మారిపోతే గుర్తుపట్టలేదు. పైగా మారినదాన్నే అసలు రుజువంటూ చూపించాడు.

"మర్విన్‌కి తెలుసా?" అన్నాడు చివరికి. మర్విన్ కత్తుల క్లబ్బు అధ్యక్షుడు.

"తెలిస్తే ఈపాటికి కెనడాలో కూడా తెలిసుండేది," అన్నాడు పైక్.

ఇంటికి వచ్చేసరికి ట్రూడీ వంటింట్లో నూడుల్సు ఉడకబెడుతోంది. ఆమె పళ్ళ ల్యాబులో పని చేస్తుంది. కట్టుడు పళ్ళూ తొడుగులూ సాన పట్టడం ఆమె రోజువారీ పని. ఆర్లో విరిగిన బ్లేడు తీసి బల్ల మీద పెట్టాడు. ట్రూడీ దాన్ని చూసి పొయ్యి మంట తగ్గించింది.

"పైక్ చెప్పేశాడా?"

"చెప్పలేదు. నిన్నడగమన్నాడు. ఆ తర్వాత అంతా చెప్పాడు."

"ముసలాడి కడుపులో మాట దాగదు."

"దేంతో విరగ్గొట్టావ్?"

"గ్యారేజీ తలుపు. కింద మంచు గడ్డకట్టి నేలకు అతుక్కుపోయింది. ఆసుపత్రి వాళ్ళు ఫోన్ చేసి వెంటనే రమ్మన్నారు, నీకు జ్వరం పెరిగిందని. చేతికి నీ కోటు తగిలింది, జేబులో ఇది తగిలింది. పొడిచి పొడిచి లేపాను. తలుపు వచ్చింది, మొన పోయింది."

ఆర్లో కుర్చీలో కూర్చున్నాడు. కోపం తెచ్చుకుందామనుకున్నాడు, దేనిమీద తెచ్చుకోవాలో తేలలేదు.

"చెప్పొచ్చు కదా."

"చెబుదామనే అనుకున్నా. నువ్వు ఇంటికొచ్చి కర్రలు గోడకి ఆనించి, నన్ను పలకరించకముందే కత్తి తెరిచావ్. కిటికీ దగ్గరికెళ్ళి వెలుతుర్లో చూశావ్. 'పైక్ చెయ్యి చూడు ట్రూడీ, ఇది చూస్తే ప్రాణం లేచొస్తోంది' అన్నావ్. అప్పుడు ఏం చెప్పమంటావ్? నీ ప్రాణం లేచొచ్చింది నా చేతి పని చూసిరా బాబూ అనా?"

"అనాల్సింది."

"అంటే నమ్మేవాడివా?"

ఆర్లోకి తెలుసు. నమ్మేవాడు కాదు.

"ఇన్నేళ్ళూ నేను దాన్ని పొగుడుతుంటే నీకెలా ఉండేది?"

ట్రూడీ గరిటె తిప్పుతూ ఆలోచించింది. "మొదట్లో నవ్వొచ్చేది. తర్వాత బాగుండేది. ఆ తర్వాత కొంచెం ఒళ్ళు మండేది. పొగడ్త నాదీ, పేరు పైక్‌దీ. తిండి తిను, చల్లారుతోంది."

వసంతంలో రైతు సంఘం వాళ్ళ గ్రేంజ్ హాల్లో క్లబ్బు ప్రదర్శన జరిగింది. పైక్ గాడిని సరిగ్గా కోసి, స్ప్రింగు మార్చి, కత్తి తిరిగిచ్చాడు. బ్లేడు ముట్టుకోలేదు. ఆర్లో ఎన్నడూ రానన్న ట్రూడీని బతిమాలి వెంటబెట్టుకొచ్చాడు. హాల్లో మూడు బల్లలు: ఫ్యాక్టరీ, సెమీ కస్టమ్, కస్టమ్. మర్విన్ కలం పట్టుకుని, చేసినవాళ్ళ పేర్లతో చీటీలు రాస్తున్నాడు.

"ఏరా ఆర్లో, మళ్ళీ అదే కత్తా? పైక్ అని రాసేశాను పో."

"ఆగు. పైక్ ఒక్కడే కాదు. బ్లేడు ట్రూడీ చేసింది."

"ఏ ట్రూడీ?"

"నీ ఎదురుగా ఉన్న ట్రూడీ."

మర్విన్ ఆమెను చూశాడు, కత్తిని చూశాడు, నవ్వాడు. పైక్ కాఫీ కప్పుతో దగ్గరికొచ్చి, "నిజమే. ఆ అల ఆవిడదే. మీ అందరికీ నేను అమ్మిన అలలన్నీ దీన్ని చూసి రాసినవే," అనేసరికి నవ్వు ఆగిపోయింది. చుట్టూ నిలబడ్డవాళ్ళలో ముగ్గురు నలుగురు తమ జేబుల్లోంచి కత్తులు తీసి చూసుకోవడం మొదలుపెట్టారు.

"ఉండండి, ఉండండి," అన్నాడు మర్విన్. "చట్రం ఫ్యాక్టరీది. పిడి పైక్‌ది. బ్లేడు ఈవిడది. సెమీ అంటే సగం. ఇక్కడ మూడున్నాయి. దీన్ని ఏ బల్ల మీద పెట్టను?"

"ఒక చెయ్యి ఉండాలి కదా," అన్నాడెవరో వెనకనుంచి. "ఒక చేతి పనైతేనే సెమీ కస్టమ్ అని నువ్వే చెప్పావు ఆర్లో."

"చెప్పాను," అన్నాడు ఆర్లో.

"మరి?"

"ఇప్పుడు తెలీట్లేదు."

ట్రూడీ అంది: "నేను విరగ్గొట్టాను, నేనే బాగుచేశాను. అది మరమ్మతు. మరమ్మతులకు బల్ల లేదా?"

మరమ్మతులకు బల్ల లేదు. చాలాసేపు వాదించుకున్నాక మర్విన్ విసుగెత్తి, సెమీ కస్టమ్ బల్ల చివర, కస్టమ్ బల్లకు ఆనుకున్న చోట పెట్టించాడు. చీటీ మీద పేర్లు రాయబోయి, ఎవరి పేరు ముందు రాయాలో తోచక ఖాళీగా వదిలేశాడు. వచ్చినవాళ్ళు అడిగినప్పుడల్లా ఆర్లో చెప్పాడు, కానీ ఒకసారి చెప్పినట్టు ఇంకోసారి చెప్పలేకపోయాడు. ఒకరికి పైక్ కత్తి, బ్లేడు మా ఆవిడదన్నాడు. ఇంకొకరికి మా ఆవిడ కత్తి, పిడి పైక్‌దన్నాడు. రెండూ నిజంలాగే వినిపించాయి.

ఆ ఎండాకాలం ఆర్లో పైక్‌ని కొత్త కత్తి చెయ్యమన్నాడు: పిడి చెయ్యి, బ్లేడు మాత్రం సాన పట్టకుండా వదిలెయ్యి. దాన్ని తెచ్చి ట్రూడీకి ఇచ్చాడు.

"నాకెందుకు? పళ్ళు చాలవా?" అంది. అయినా ఆదివారాలు పైక్ షెడ్డుకు పోయి కూర్చుంది. ఆర్లో బయట సరస్సు వైపు నడుస్తూ, లోపల బెల్టు చప్పుడు వింటూ తిరిగేవాడు.

ఒక మధ్యాహ్నం ఆమె చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చి కత్తి అతని చేతిలో పెట్టింది. ఆర్లో మీట నొక్కాడు. బ్లేడు సూటిగా తెరుచుకుని గట్టిగా నిలబడింది. వెలుతురుకి పట్టాడు. సాన గీత వెన్ను వెంబడే తిన్నగా మొనదాకా పోయింది. అల లేదు.

"ఎంత ప్రయత్నించినా రాలేదు," అంది ట్రూడీ. "పైక్ నా చెయ్యి పట్టుకుని చూపించాడు కూడా. ఆయనకి వస్తోంది, నాకు రావట్లేదు. నచ్చిందా?"

ఆర్లో కత్తి మూశాడు, మళ్ళీ తెరిచాడు. నచ్చిందో లేదో అతనికి నిజంగానే తెలియలేదు. ఆ మాటే చెప్పాడు.

"తెలిసినప్పుడు చెప్పు," అని ట్రూడీ కారు వైపు నడిచింది. ఆర్లో కొత్త కత్తిని జేబులో వేసుకుని ఆమె వెనకే వెళ్ళాడు.