దేవుడి మేక

మా తెల్ల పాస్టరు హాల్వార్ గారికి డోలు కొట్టడం రాదని నది ఆవలి ఊళ్లకు కూడా తెలుసు. దుంగ తొలిచి చేసిన మా డోలుకు రెండే గొంతులు, ఒకటి బొంగురు, ఒకటి సన్నం. ఆ రెంటితోనే అది మాట్లాడుతుంది, దరువు వింటే మాకు మాటలు తెలిసిపోతాయి. "దేవుడి మాట వినండి" అని పిలవాల్సింది, దెబ్బ తారుమారై ప్రతి ఆదివారం "దేవుడి మేక తినండి" అని మోగేది. నవ్వుకుంటూ చర్చికి వెళ్లేవాళ్లం.

స్వాతంత్ర్యం వచ్చాక మా కాంగోలో తుపాకీ ఉన్న ప్రతివాడూ ప్రభుత్వమే. ఒక పూట తిరుగుబాటుదార్లు లారీ దిగారు. చర్చి వెనక కర్రపెండలం ఆరబెడుతున్న నన్ను ఈడ్చుకొచ్చి పాస్టరు గారి పక్కన కూలదోశారు. మా తమ్ముడు బొలాయా, వాడి ఈడు కుర్రాళ్లు పొలాల్లో ఉన్నారు. సైన్యంలోకి పట్టుకుపోవడానికి వీళ్లకు కావాల్సింది వాళ్లే.

కమాండరు తుపాకీ గొట్టం పాస్టరు గారి మెడకు ఆనించాడు. "ప్రార్థనకి పిలువ్. మా ఇలంగాకి డోలు భాష వచ్చు. తేడా కొట్టావో, ఇద్దరూ పోతారు!"

ఇలంగా డోలు పక్కనే చెవులు రిక్కించి కూర్చున్నాడు.

పాస్టరు గారు కర్రలెత్తి కొట్టారు. దేవుడి మాట వినండి! ఒక్క దెబ్బ పొల్లుపోలేదు. మళ్లీ కొట్టారు, మళ్లీ అంతే. లోలోపలే తమ్ముణ్ణి పిలిచాను. ఒరే బొలాయా, విన్నావురా? మేక ఏదిరా? ఆలోచించరా!

ఎండ నెత్తికెక్కింది. కుర్రాళ్లు కాదుగదా, కుక్క కూడా రాలేదు.

"ఏం కొట్టాడ్రా వీడు?" కమాండరు ఇలంగా చెవి మెలేశాడు.

"ఒట్టన్నా! ఒక్క తప్పు లేదు. తెల్లోడు ఇంత బాగా కొట్టగా నేనెప్పుడూ వినలా!"

నవ్వు తన్నుకొస్తుంటే ముఖం మోకాళ్లలో దాచుకుని ఏడుపులా భుజాలు కుదిపాను. వాళ్లు తిట్టుకుంటూ పాస్టరు గారికున్న ఒక్క మేకనూ లారీలో పడేసుకుని పోయారు.

లారీ చప్పుడు పూర్తిగా మాయమయ్యాక ఆయన మళ్లీ కర్రలందుకున్నారు. దేవుడి మేక తినండి! కుర్రాళ్లు దాక్కున్న అడవిలోంచి గొల్లున నవ్వు. అందరికంటే ముందు బొలాయా పరిగెత్తుకొచ్చాడు.

"మేక ఏది పాస్టరు గారూ?"

"లారీ ఎక్కిందిరా."

"ఇందాక అంత బాగా ఎలా కొట్టారు?"

"నాకెప్పుడో వచ్చు. ఉత్త మాట వినమంటే మీరెంతమంది వస్తార్రా?"