కోర్టు అడగని ప్రశ్న

జైలు పాస్టరు ఆ బైండింగు షాపుకు మొదటిసారి వచ్చింది పాటల పుస్తకాలు కుట్టించడానికి. ఖైదీల చేతులు మారి మారి వాటి అట్టలు ఊడిపోయాయి. షాపు నడిపే ఆమెను వీధిలో అందరూ బైండింగక్క అనేవారు. యాభైకి దగ్గరపడిన మనిషి, మాట తక్కువ. పుస్తకాల మీద జైలు ముద్ర చూసి కూడా పని ఒప్పుకుంది.

పుస్తకాలు తీసుకెళ్లడానికి వచ్చిన రోజు పాస్టరు సంచిలోంచి ఒక పిటిషన్ తీశాడు. నేరం చేసినవాళ్లూ, ఆ నేరంతో నష్టపోయినవాళ్లూ ఒప్పుకుంటే ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునే వీలు చట్టంలోనే ఉండాలని ఆయన సంఘం మూడేళ్లుగా సంతకాలు పోగుచేస్తోంది. విరిగినదాన్ని అతికించే పని కూడా న్యాయమేనని ఆయన నమ్మకం.

బైండింగక్క నిలబడే రెండు పేజీలూ చదివింది.

“ఖైదీ అన్న మాట పద్నాలుగుసార్లు వచ్చింది పాస్టరుగారూ. బాధితులు అన్నది ఒక్కసారి. అదీ చివర్లో.”

ఆయన కళ్లజోడు పెట్టుకుని చూసుకున్నాడు.

“మా తమ్ముణ్ణి చంపినవాడు మీ జైల్లోనే ఉన్నాడు. ఆరేళ్లయింది. వాడి దగ్గరికి ఎన్నిసార్లు వెళ్లుంటారు?”

“ప్రతి ఆదివారం వెళ్తానమ్మా. చెరలో ఉన్నవాళ్లను చూడమని ప్రభువు చెప్పాడు కదా.”

“దారిలో దెబ్బలు తిని పడున్నవాణ్ణి ఆదుకోమని కూడా ఆయనే చెప్పాడు. మా గడప మాత్రం ఎవరూ తొక్కలేదు.”

పాస్టరు పిటిషన్ మడిచి సంచిలో పెట్టుకుని వెళ్లిపోయాడు. మరుసటి వారం మళ్లీ వచ్చాడు, ఆ పై వారం కూడా. కాగితాలేమీ తేలేదు. స్టూలు మీద కూర్చుని ఆమె చెప్పింది విన్నాడు.

తమ్ముడికి ముప్పై దాటినా ఇంట్లో చిన్నోడే. ఎవరి గొంతైనా ఇట్టే దించేసేవాడు. భోజనాల దగ్గర మొదలుపెడితే అమ్మకు నవ్వలేక పొలమారేది. వర్క్‌షాపులో పని. ఒక మధ్యాహ్నం షెడ్డులో మిగతావాళ్లు లేనప్పుడు లేతు మిషను మేస్త్రీ స్పానరుతో అతని తల మీద ఒక్క దెబ్బ కొట్టాడు. మూడోరోజు ఆసుపత్రిలో ప్రాణం పోయింది. కోర్టులో మేస్త్రీ నోరు విప్పకుండా తలూపి నేరం ఒప్పుకున్నాడు. ఇరవై నిమిషాల్లో పన్నెండేళ్ల శిక్ష పడింది.

“చేశావా అని అడిగారు. ఒప్పుకున్నాడు. అక్కడితో సరి. ఎందుకు చేశావని అడిగినవాళ్లు లేరు,” అందామె. “నాకు ఆ ఎందుకు కావాలి.”

ఆమె మేస్త్రీని కలవడానికి చట్టం లేదు కాబట్టి జైలు సూపరింటెండెంటు తన చేతిలో ఉన్న అనుమతి ఒకటి ఇచ్చాడు. దానికే నాలుగు నెలలు పట్టింది. ఈలోగా పాస్టరు ఆమెతో, మేస్త్రీతో విడివిడిగా మాట్లాడాడు. ఆమె తల్లి మాత్రం, “వాడి మొహం చూసొచ్చి నాతో మాట్లాడకు” అంది. బైండింగక్క వెళ్లింది.

జైలు కుట్టుపని గదిలో మూడు కుర్చీలు వేశారు. మిషన్ల మీద గుడ్డలు కప్పి ఉన్నాయి. పాస్టరు గోడవైపు జరిగి కూర్చున్నాడు. మేస్త్రీ జుట్టు పూర్తిగా నెరిసింది.

“అ... అక్కా అనొచ్చా అండీ? చి... చిన్నోడు అలాగే అనేవాడు.”

ఆ నత్తి ఆమెకు కొత్త కాదు. భోజనాల దగ్గర తమ్ముడి నోట వందసార్లు విన్నది. వింటూ నవ్వింది కూడా.

మేస్త్రీ ఆగి ఆగి చెప్పాడు. ఆ రోజు కూతురితో ఫోనులో మాట్లాడుతున్నాడు. చిన్నోడు ఫోను లాక్కుని అతని గొంతుతోనే మాట్లాడాడు. పిల్ల మొదట నాన్నే అనుకుంది. తర్వాత తెలిసి పకపకా నవ్వింది. ఆ నవ్వు అతనికి వినబడింది. స్పానరు చేతిలోనే ఉంది.

“కోర్టులో ఎందుకు చెప్పలేదు?”

“పా... పాపను కోర్టుకు లాగుతారని.”

“పడ్డాక వాడేమన్నా అన్నాడా?”

“‘ఊరికే సరదాకన్నాను మేస్త్రీ’ అన్నాడు. ఆ తర్వాత మాట లేదు.”

ఆమె, “ఆ గొంతు విని మా ఇంట్లో అందరం నవ్వాం. ఎవరిదో తెలీదు” అంది. తర్వాత, “అంతమాత్రానికి చంపుతారా?” అని అడిగింది.

“చం... చంపకూడదు. దేనికీ చంపకూడదు.”

క్షమించమని అతను అడగలేదు. క్షమించానని ఆమె అనలేదు.

తల్లి రెండు వారాలు పలకలేదు. ఒక ఉదయం తనంతట తానే షాపుకొచ్చి, “ఏం చెప్పాడో మొత్తం చెప్పు, దాచకుండా” అంది. నత్తి సంగతి రాగానే ముసలామె కళ్లు మూసుకుంది. “ఆ గొంతు చెయ్యరా అని నేనే బతిమాలేదాన్ని,” అంది. ఆ రోజు షాపు మధ్యాహ్నానికే మూసేశారు.

కొత్తగా రాసిన పిటిషన్ మీద శాసనసభ్యుల కమిటీ విచారణ పెట్టి బైండింగక్కను పిలిచింది. లోపలికి వెళ్లేముందు వరండాలో పాస్టరు నసిగాడు. “క్షమించిన మాట ఒక్కటి చెప్తే వాళ్ల మనసు కరుగుతుందేమోనమ్మా.”

“నేనలా మీతో ఎప్పుడైనా అన్నానా?”

“లేదు. నాదే తప్పు. మీకు తోచిందే చెప్పండి.”

ఒక సభ్యుడు శిక్ష తగ్గించమంటారా అని అడిగాడు.

“నేను అందుకు రాలేదండీ,” అందామె. “ఆరేళ్లు నాకు దొరకని జవాబు ఒక గదిలో గంటన్నరలో దొరికింది. మంచి జవాబేం కాదు. కానీ నాది. ఆ గది అందరికీ ఉండాలి. అయితే ముందు మేము కావాలని అడగాలి, ఆ తర్వాతే ఖైదీలను ఒప్పుకుంటారా అని అడగాలి.”

ఆ ఏడాది బిల్లు ఆగిపోయింది. రెండేళ్లకు నెగ్గింది. బాధితులు కోరితేనే కలయిక అన్న నిబంధన అందులో ఉంది. మేస్త్రీ శిక్షలో ఒక్కరోజు కూడా తగ్గలేదు.

ఆదివారాలు ఎప్పటిలాగే జైలుకు వెళ్తున్న పాస్టరు, శనివారాలు నష్టపోయినవాళ్ల ఇళ్లకు వెళ్లడం మొదలుపెట్టాడు. బైండింగక్క తోడు వెళ్లేది. మొదటి ఇంటివాళ్లు తలుపు తీయలేదు. రెండో ఇంట్లో ఒక పెద్దాయన వాళ్లిద్దరినీ చాలాసేపు తేరిపార చూసి, కుర్చీల మీద ఉన్న బట్టలు తీసి పక్కన పెట్టాడు.