పిట్ట ముట్టిన కల్లు

పర్వతాలును పాతిపెట్టిన బొంద దగ్గర, పిట్టకు పెట్టిన కల్లు తాగిన కాకులు ఒకదాని వెనక ఒకటి తూలి, రెక్కలు చాపి చచ్చిపడ్డాయి.

గుర్వమ్మ కొంగు నడుముకు చెక్కి లేచింది. బొందలో ఉన్న పర్వతాలు ఆమె తమ్ముడు. సినిమాల్లో పేరు అమరేందర్. ఒకప్పుడు మక్తల్‌లో అతని బొమ్మ పడితే గొర్ల కాపరులు మందలు వదిలేసి టికెట్ల కోసం కొట్టుకునేవారు. తర్వాత తాగుడూ మత్తుబిళ్లలూ అతని వేషాలను, పెళ్లాన్ని, చివరికి ముఖంలోని కళను కూడా మింగేశాయి. ఎవరూ లేక అక్క గుమ్మం తొక్కాడు. ఆమె దవాఖానలో వేసి మాన్పించింది. ఏడాదిగా చుక్క ముట్టలేదు. మంద వెంట తిరిగి ఒళ్లు గట్టిపడింది. టీవీ సీరియల్‌లో తండ్రి వేషానికి పిలుపు కూడా వచ్చింది.

అంతలో ఒక పొద్దున మంచంలో శవమై, కల్లు కంపు కొడుతూ కనిపించాడు. కుక్క తోక వంకరే అంది ఊరు. టీవీవాళ్లూ ఆ మాటే చెప్పారు. గుర్వమ్మ ఏడవలేదు. తమ్ముడి నోటికి కల్లు అందించిన చెయ్యి దొరికేదాకా ఏడవనని ఒట్టేసుకుంది.

ఇవాళ మూడో రోజు. విస్తట్లో బువ్వ, యాటకూర, సిగరెట్టు పెడితే కాకులు తుమ్మచెట్టు దిగలేదు. పిట్ట ముట్టకపోతే చచ్చినవాడి కోరిక తీరనట్టే. ముసలివాళ్లు గొణుక్కుంటుండగా పర్వతాలుకు చిన్ననాటి దోస్తు అయిన లింగస్వామి తన బండిలోంచి కల్లుసీసా తెచ్చి, దొప్పలో పోసి, రెండు కూరముక్కలు వేశాడు. అప్పుడు దిగిన కాకులే ఇవి.

"గీ కల్లు యాడిది లింగస్వామీ?"

"మా చెట్టుదే అక్కా. ఎండ దెబ్బకు పడ్డయేమో కాకులు."

"పడితే పడనీ. పిట్ట ముట్టినంక మనం తాగుడు రివాజు." ఆమె సీసా లాక్కుని ఇంకో దొప్ప నింపింది. "దోస్తువి. ముందు నువ్వు తాగు."

"నాకు షుగరుంది అక్కా."

పక్కనున్న ఊరివాడు పెద్దులు నవ్వాడు. "నిన్న కల్లు దుకాణంల రెండు సీసాలు దించినప్పుడు యాడికి పోయిందిరా నీ షుగరు?"

లింగస్వామి దొప్పను వెనక్కి నెట్టాడు.

"సరే, నేనే తాగుత," అని గుర్వమ్మ దొప్ప పెదాలకు ఆనించింది.

లింగస్వామి ఒక్క ఉరుకున వచ్చి దాన్ని కొట్టేశాడు. కల్లు ఆమె చీర మీదంతా చింది నురగ కట్టింది. గుర్వమ్మ తమ్ముడి గొర్లకట్టె అందుకుని లింగస్వామి గుండెకు ఆనించింది.

"చెప్పు. చెప్పినంక నిన్ను పోలీసులకిస్తనో, వాని పక్కనే పాతుతనో నేను చూసుకుంట."

అతను బొంద వైపు చూస్తూ నోరు విప్పాడు.

"నేనే పోసిన అక్కా. నా తమ్ముడు గిరి నీ తమ్ముని దగ్గర డ్రైవర్‌గా ఉండె గదా. కారు లారీకి గుద్ది గిరి పోయిన నాడు నడిపింది గిరి కాదు, నీ తమ్ముడు. తాగింది కూడ వాడే. చచ్చినోడు మాట్లాడడని, గిరే తాగి నడిపిండని చెప్పిండు. నా తమ్ముడు జన్మల చుక్క ముట్టలే. తాగుబోతును కన్నదన్న మాట మోసుకుంటనే మా అమ్మ పోయింది. ఇదంత ఒకనాడు మైకంల నీ తమ్ముడే నా ముందర ఒప్పుకున్నడు. తాగి తాగి వాడే చస్తడని ఊకున్న. చావలే. మానిండు. మల్ల వేషం కడ్తున్నని నా ముందరొచ్చి నవ్విండు. గా నవ్వు నేను ఓర్వలే. కల్లుల మత్తుమందు దండిగ కలిపి తీస్కపోయిన. వద్దన్నడు. గిరి పేరు మీద ఒక్క గుక్క తాగురా అన్న. గా పేరు ఇనంగనే తల దించుకుని తాగిండు. నా తమ్మునికి అంటించిన పేరుతోనే పోవాలనుకున్న, పోయిండు. కానీ కండ్లు మూస్తే నీ తమ్ముడే వస్తుండక్కా. పిట్ట ముట్టకపోతే నా ఇంట్లనే ఉంటడని భయమైంది. ఆఖరుకు తాగిందే అడుగుతుండని, మిగిలింది తెచ్చి పోసిన."