ఎంగిలి ముంతలు

ప్యాసింజరు కదిలేలోపు అప్పయమ్మ బుట్ట చంకనబెట్టుకుని కిటికీల వెంట నడుస్తోంది.

"భయ్యా, ఫేఁకో మత్. పారేయకు, ఇందులో వేసీ బాబూ!"

మట్టి ముంతలో టీ తాగాక దాన్ని పట్టాల మీద పగలగొడితే తప్ప జనానికి తాగినట్టుండదు. వాళ్ల చేతుల్లోవి ఆమె అడిగి పుచ్చుకుంటుంది. పొట్టి మనిషి. మోకాళ్లు అరిగి ఒక పక్కకి ఒరిగి నడుస్తుంది. కళ్లకి పొర కమ్ముతోంది. రైలింజన్ల షెడ్డులో ఖలాసీగా చేస్తూ మొగుడు పోతే వచ్చిన ఉద్యోగం, ఆడవాళ్ల వెయిటింగు రూములో ఆయా. డ్యూటీ దిగి, తానూ ఒక టీ తాగి, ఆ ముంత కూడా బుట్టలో వేసుకుంది.

వాటర్ ట్యాంకు వెనక రైల్వే కాలనీవాళ్లంతా కలిసి పెంచే నర్సరీ ఉంది. ఎలుగుబంట్లు ఇప్పపువ్వు కోసం ఊళ్ల మీద పడకుండా, అడవి లోపలే ఇప్పచెట్లు పెంచాలని పార్సిలాఫీసు గుమస్తా రమణబాబు మొదలుపెట్టిన పని అది. సంచులు చాలనప్పుడు ముంతల ఉపాయం అప్పయమ్మదే. అడుగు పొడిచి, మన్ను నింపి, గింజ పెడితే, మొలిచాక ముంతతో సహా పాతేయొచ్చు.

పక్క క్వార్టరు కనకమహాలక్ష్మి మొదట్లోనే ముక్కు మూసుకుంది. "ఛీ, ఊరందరి ఎంగిలీ!"

"మొక్కకి ఎంగిలేటి, కనకం?"

"నీ మొక్కలు మేకలకి పలారమే, సూసుకో."

అప్పయమ్మ నవ్వేసింది గానీ ఆ మాట ముల్లులా ఉండిపోయింది. పదిహేనేళ్లుగా ఏటేటా లారీ నిండా మొక్కలెక్కించి పంపడమే తప్ప అడవి మొహం చూసింది లేదు. ఒక్కటైనా బతికిందా? చూపు పూర్తిగా పోకముందే చూడాలి. ఈ ఏడు రమణబాబు క్యాబిన్లో చోటు ఉంచాడు. తాను టీ తాగిన ముంతలో గింజ పెట్టి, కుళాయి గట్టున ఉంచి, లారీ ఎక్కింది.

అచానక్‌మార్ అడవిలో మొక్కలన్నీ నాటేసరికి వాన పట్టుకుంది. పాత మొక్కలేవని అప్పయమ్మ అడిగింది.

"ఈ చుట్టుపక్కలే పాతాం అత్తా. ఏవి మనవో నాకూ తెలీదు" అన్నాడు రమణబాబు.

ఆమె మనసు చివుక్కుమంది. ఆయాసం వచ్చి ఓ ఇప్పచెట్టు మొదట్లో కూలబడింది. ఊరికే ఆకులు పక్కకి తోసింది. వేళ్లకేదో గరుకుగా తగిలింది. ఎర్రటి ముంత అంచు, వేరు బలిసి రెండుగా చీలింది. పక్కచెట్టు దగ్గరికి పాక్కుంటూ వెళ్లి తవ్వింది. అక్కడా ఉంది.

"బాబూ! ఈ అడివిలో టీకొట్టేటుంది?"

రమణబాబు ఆమె చెయ్యి పట్టుకుని చెట్టు బెరడు మీద పెట్టాడు. ఎలుగు ఎక్కిన గోరుగాట్లు లోతుగా దిగున్నాయి. అప్పయమ్మ నవ్వుతూనే ఏడ్చేసింది. అంత సంతోషం ఆమెకి ఎప్పుడూ కలగలేదు.

తిరుగుదారిలో ఒకటే కబుర్లు. "మేకలు కాదే, ఎలుగుగొడ్డు తిందని కనకంతో సెప్పాల." కోటా ఊరు దాటాక కిటికీకి తల ఆనించి పడుకుంది.

కాలనీ గేటు దగ్గర రమణబాబు లేపాడు. లేవలేదు. మొహం తేటగా ఉంది.

ఆమె చెప్పాలనుకున్న మాట కనకమహాలక్ష్మికి అతనే చెప్పాడు. దినాలు వెళ్లాక, కనకం చెంబు పట్టుకుని నర్సరీకి వెళ్లింది. కుళాయి గట్టున ముంతలో మన్ను చీల్చుకుని మొలక తల ఎత్తింది. కనకం దాన్ని రెండు చేతులా ఎత్తి నీడలోకి మార్చింది.

ముంత అంచున అప్పయమ్మ తాగిన టీ మరక ఇంకా ఉంది.